సీటు పోతున్నది మార్కుల దగ్గర కాదు, కాగితాల దగ్గర

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల ఫోన్ నంబర్లు పరీక్షలు అయిపోకముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోల చేతికి చేరతాయి. బస్సు ఉంది, ప్లేస్‌మెంట్ ఉంది, ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజులో తగ్గింపు ఉంది అంటూ రోజుకు నాలుగు ఫోన్లు వస్తాయి. ప్రజల డబ్బుతో నడిచే పెద్ద యూనివర్సిటీ నుంచి మాత్రం ఒక్క ఫోనూ రాదు. దానికి పీఆర్వో ఉండడు. దాని నోటిఫికేషన్ ఇంగ్లీషులో ఒక వెబ్‌సైటు మూలన పడి ఉంటుంది. చూసినవాళ్ళు అప్లై చేస్తారు, చూడనివాళ్ళకు గడువు దాటిపోతుంది. చూసే ఇల్లు ఏది, చూడని ఇల్లు ఏది అన్నది ఈ దేశంలో చాలావరకు కులమే తేలుస్తుంది.

నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. అడ్మిషన్ల కాలంలో విద్యార్థులు నడిపే హెల్ప్ డెస్క్ దగ్గర కొన్నేళ్ళుగా కూర్చుంటున్నాను. అక్కడికి వచ్చే పిల్లల్లో మార్కులు చాలక సీటు రానివాళ్ళు ఉంటారు. మార్కులు వచ్చి కూడా సర్టిఫికెట్ పాత నమూనాలో ఉందనో, పరీక్షకు ఎంచుకున్న సబ్జెక్టు ఆ కోర్సుకు సరిపోలేదనో, ఫీజు కట్టే గడువు దాటిపోయిందనో వెనక్కి వెళ్ళినవాళ్ళూ ఉంటారు. ఈ రెండో రకం నష్టం ఏ లెక్కల్లోనూ కనబడదు. చివరికి ఆ సీటు ఖాళీగా మిగిలితే "అర్హులైన రిజర్వుడు అభ్యర్థులు దొరకలేదు" అని రాసి చేతులు దులుపుకుంటారు.

ఇది ఊహ కాదని 2024 లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దళిత దినకూలీ కొడుకు ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు సంపాదించాడు. సీటు నిలబెట్టుకోవడానికి కట్టాల్సింది 17,500 రూపాయలు. ఊళ్ళో అప్పూ సప్పూ చేసి డబ్బు సమకూర్చుకునేసరికి గడువు ముగిసే వేళయింది. వివరాలు నింపుతుండగానే పోర్టల్ మూసుకుపోయింది. అతను సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2024 సెప్టెంబర్ 30 న కోర్టు రాజ్యాంగంలోని 142 వ అధికరణం కింద తన అధికారాన్ని వాడి అతనికి సీటు ఇవ్వాలని ఆదేశించింది. ఆ కుర్రవాడి పోరాటానికి మనం గర్వపడాలి. కానీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళలేని వేలమంది సంగతేమిటి? వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు. ఇవి మొదట ఇంటర్ చదువుతున్న దళిత, ఆదివాసీ, బహుజన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ. ఆ తర్వాత యూనివర్సిటీల్లో ఉన్న మనకు.

అసలు పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీకే ఎందుకు?

1882 లో హంటర్ కమిషన్ ముందు జ్యోతిరావు ఫూలే ఒక సూటి మాట చెప్పారు. సర్కారుకు వచ్చే రాబడి శ్రమజీవుల చెమట నుంచి వస్తుంటే, ఆ డబ్బుతో నడిచే పై చదువులు పైకులాలకు దక్కుతున్నాయని ఆయన వాదన. ఆ లెక్క ఇంకా తేలలేదు. 1918 లో మొదలైన ఉస్మానియా, 1926 నాటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974 లో వచ్చిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇవన్నీ ప్రజల భూమి మీద, ప్రజల డబ్బుతో నిలబడ్డాయి. మీ తాత కూలికి పోయి కొన్న ఉప్పు మీద, కిరోసిన్ మీద కట్టిన పన్నులు కూడా ఆ గోడల్లో ఉన్నాయి. అక్కడ సీటు అడగడం మన వాటా అడగడమే.

వాటా అన్న మాటను పక్కన పెట్టినా లాభం కళ్ళెదుటే ఉంది. ఫీజు తక్కువ. లైబ్రరీ పెద్దది. హాస్టల్ గదిలో ఒకరు కేరళ నుంచి, ఒకరు ఒడిశా నుంచి, ఒకరు ఆదిలాబాద్ నుంచి ఉంటారు. క్లాసులో నేర్చుకున్న దానికంటే మెస్సులో, ధర్నా దగ్గర, చర్చా వేదికల్లో నేర్చుకున్నది కొన్నిసార్లు ఎక్కువగా ఉంటుంది. ప్రైవేటు కాలేజీ కరపత్రం ఇవేవీ చూపించదు.

దారులు రెండు, రెండూ పట్టుకోండి

రాష్ట్ర యూనివర్సిటీల పరిధిలోని డిగ్రీ కాలేజీలకు తెలంగాణలో దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఓఏఎండీసీ ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. వీటికి ఇంటర్ మార్కులే ఆధారం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ, అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సులకు 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. అది ఒక దారి, ఇది ఒక దారి. ఒకదానికి అప్లై చేస్తే రెండోదానికి చేయకూడదని ఎవరైనా అంటే నమ్మకండి. రెండు చోట్లా పెట్టండి. ఎక్కడ ముందు సీటు వచ్చినా రెండోదాని ఫలితం వచ్చేదాకా తొందరపడి టీసీ, ఒరిజినల్ మెమోలు ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని, చూసుకుని తిరిగి ఇచ్చేయాలని యుజిసి 2018 నోటిఫికేషన్ చెబుతుంది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే సీటు వదులుకుంటే ప్రాసెసింగ్ చార్జీగా కొద్ది మొత్తం మాత్రమే మినహాయించుకుని కట్టిన ఫీజు తిరిగి ఇవ్వాలని కూడా అదే నోటిఫికేషన్‌లో ఉంది. ఈ ఒక్క విషయం తెలియక ఇష్టంలేని కాలేజీలోనే మూడేళ్ళు ఉండిపోయిన పిల్లలు ఎందరో.

సీయూఈటీ విషయంలో నాలుగు సంగతులు గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మొదటిది, సబ్జెక్టుల ఎంపిక. అయిదు సబ్జెక్టుల దాకా రాయవచ్చు. ఏ కోర్సుకు ఏ పేపర్లు రాసి ఉండాలో ఒక్కో యూనివర్సిటీ ఒక్కో రకంగా నిర్ణయిస్తుంది. ముందు కావలసిన కోర్సులు రాసుకుని, వాటికి ఏ పేపర్లు అడుగుతున్నారో చూసుకుని, ఆ తర్వాతే ఫారం నింపాలి. నెట్ సెంటర్ అన్న తనకు తోచిన సబ్జెక్టులు నొక్కేస్తే నష్టపోయేది మీరే.

రెండోది, భాష. ఈ పరీక్షను తెలుగుతో సహా 13 భాషల్లో రాయవచ్చు. కానీ ప్రశ్నలకు ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి సిలబస్. మన చేతిలో ఉండేవి తెలుగు అకాడమీ పుస్తకాలు. పాఠాల వరుస వేరు, ఉదాహరణలు వేరు, కొన్నిచోట్ల పారిభాషిక పదాలే వేరు. ప్రశ్నపత్రం తెలుగులో ఇచ్చి, దానికి మూలమైన పుస్తకాన్ని తెలుగు పిల్లవాడికి అందుబాటులో ఉంచకపోవడం సమానత్వం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న మనం అడుగుతూనే ఉండాలి. మీరు మాత్రం ఆగవద్దు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు దాని వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మీ తెలుగు అకాడమీ పాఠం పక్కన ఎన్‌సీఈఆర్‌టీ పాఠం పెట్టుకుని, ఇంగ్లీషు పదానికి తెలుగు పదం రాసుకుంటూ ఒక నోటుబుక్కు తయారుచేసుకోండి. ఆ నోటుబుక్కు పరీక్షకే కాదు, యూనివర్సిటీలో మొదటి సెమిస్టరుకు కూడా పనికొస్తుంది.

మూడోది, పరీక్ష పద్ధతి. 2025 నుంచి పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే. ఒక్కో పేపర్‌కు గంట, 50 ప్రశ్నలు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. కంప్యూటర్ మీద ఎన్నడూ పరీక్ష రాయనివాళ్ళు కనీసం రెండు మూడుసార్లు నమూనా పరీక్ష రాసి చూసుకోండి. గురుకులంలో ల్యాబ్ ఉంటే ప్రిన్సిపాల్‌ను అడగండి. తాళం తీయించుకోవడం మీ హక్కు.

నాలుగోది, చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. పరీక్ష రాసినంత మాత్రాన సీటు రాదు. మార్కులు వచ్చాక మీకు కావలసిన ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లోనూ విడిగా రిజిస్టర్ కావాలి. ఢిల్లీ యూనివర్సిటీకి ఒక పోర్టల్, హైదరాబాద్‌కు మరొకటి. పరీక్ష బాగా రాసి, ఇంట్లో కూర్చుని పిలుపు కోసం ఎదురుచూసిన పిల్లల్ని నేను చూశాను. ఎవరూ పిలవరు. కోర్సుల వరుస పెట్టేటప్పుడు కూడా "మనకు ఇది రాదులే" అనుకుని బాగా ఇష్టమైనదాన్ని కింద పెట్టకండి. కోరికను బట్టి వరుస పెట్టండి, భయాన్ని బట్టి పెట్టకండి.

కాగితాలు సంక్రాంతికే సిద్ధం

సీటు వచ్చాక సర్టిఫికెట్ కోసం మీసేవకు పరిగెత్తితే తహసీల్దార్ సంతకం గడువులోగా దొరుకుతుందన్న నమ్మకం లేదు. సంక్రాంతి సెలవుల్లోనే ఈ పని మొదలుపెట్టండి.

ఎస్సీ పిల్లలకు ఒక మాట. 2024 ఆగస్టు 1 న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ 2025 లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. తెలంగాణలో మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం. రాష్ట్ర ప్రవేశాల్లో మీ గ్రూపు తెలిపే సర్టిఫికెట్ కావాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎస్సీ కోటా 15 శాతం ఉమ్మడిగానే ఉంది. కాబట్టి రెండు దారులకూ అప్లై చేసేవాళ్ళు రెండిటికీ సరిపోయే కాగితాలు దగ్గర పెట్టుకోవాలి. వర్గీకరణ మీద మన మధ్య ఎన్ని వాదనలున్నా, ఏ గ్రూపు పిల్లవాడి సీటూ కాగితం తేడా వల్ల పోకూడదన్న దగ్గర అందరం ఒకటి కాగలం.

ఎస్టీ పిల్లలకు తెలంగాణలో 10 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం, కేంద్రంలో 7.5 శాతం. ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాన్ని, విజయనగరం జిల్లాలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాన్ని కూడా మీ జాబితాలో రాసుకోండి.

బీసీ పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ఒకే చోట. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్, కేంద్రం అడిగే ఓబీసీ సర్టిఫికెట్ ఒకటి కావు. కేంద్ర జాబితాలో మీ కులం ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఉంటే కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే చెల్లుతుందంటారు. కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే దానికి అర్జీ పెట్టండి. కేంద్రంలో 27 శాతం ఉన్నా, ఈ ఒక్క కాగితం లేక జనరల్‌లో పోటీపడుతున్న బీసీ పిల్లలు చాలామంది ఉన్నారు.

పేర్లు సరిచూసుకోండి. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌లోనూ కుల సర్టిఫికెట్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇళ్ళలో పేరు ఒక్కో చోట ఒక్కో రకంగా పడడం మామూలే. బడిలో చేర్చిన టీచర్ రాసిందే పేరు, చెప్పిందే పుట్టినతేదీ. ఆ తేడాను సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది.

రిజర్వేషన్ కాలమ్ నింపడానికి సిగ్గుపడకండి

"ఓపెన్‌లో కొట్టి చూపించు" అని రెచ్చగొట్టేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. ఓపెన్ అంటే అగ్రకులాల కోటా కాదు, అందరిదీ. మీ మార్కులు ఓపెన్ కటాఫ్ దాటితే మీకు ఓపెన్ సీటే రావాలి, దాన్ని రిజర్వుడు సీట్లలో లెక్కగట్టకూడదు. 1992 నాటి ఇంద్రా సహానీ తీర్పులోనే ఈ సూత్రం ఉంది. కాబట్టి కులం కాలమ్ నింపినందువల్ల మీకు పోయేదేమీ లేదు. దరఖాస్తు ఫీజులో రాయితీ, హాస్టల్, స్కాలర్‌షిప్ అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. దాచుకుంటే పోయేది మీ హక్కే.

డబ్బు లెక్క ముందే వేసుకోండి

బాబాసాహెబ్ అంతటివాడికి కూడా స్కాలర్‌షిప్ గడువు ముగిసి, 1917 లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. దాచుకున్న జీతం, స్నేహితుడి అప్పు, సాహూ మహారాజ్ సాయం కలుపుకుని 1920 లో మళ్ళీ వెళ్ళి చదువు పూర్తిచేశారు. పేదవాడి చదువులో డబ్బు ఎంత అన్నదే కాదు, ఏ రోజుకు చేతికొస్తుంది అన్నదీ ముఖ్యం.

ఎస్సీ పిల్లలకు కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. రాష్ట్ర పథకాల పరిమితులు వేరుగా ఉంటాయి, విడిగా చూసుకోండి. బ్యాంకు ఖాతా మీ పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో కలిపి ఉండాలి. స్కాలర్‌షిప్ డబ్బు ఆలస్యంగానే వస్తుందని మనసులో పెట్టుకుని, సీటు నిలుపుకునే ఫీజు, హాస్టల్ డిపాజిట్, రైలు టికెట్, మొదటి రెండు నెలల ఖర్చు ఎంతో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ డబ్బుకు లోటు ఉంటే అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే ఎవరికైనా చెప్పండి. సీనియర్లు, ఉద్యోగ సంఘాలు, అంబేద్కర్ సంఘాలు గడువుకు నెల ముందు తెలిస్తే ఏదో ఒకటి చేయగలుగుతాయి. గంట ముందు తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు విడిగా ఒక మాట. "అంత దూరమా" అన్న ప్రశ్న దగ్గరే సగం సీట్లు ఆగిపోతాయి. ఆ యూనివర్సిటీలో చదువుతున్న ఒక అక్కతో అమ్మానాన్నలను ఫోన్‌లో మాట్లాడించండి. మనం నూరుసార్లు చెప్పినా కుదరని ధైర్యం ఆ ఒక్క ఫోన్‌తో వస్తుంది.

లోపలికి వెళ్ళాక

నిజం దాచను. గేటు దాటితే కులం బయటే ఉండిపోదు. ర్యాంకు ఎంత అని అడిగి కులం కనిపెట్టేవాళ్ళు ఉంటారు. ఇంగ్లీషు తడబడితే నవ్వేవాళ్ళు ఉంటారు. 2016 జనవరి 17 న రోహిత్ వేములను మనం పోగొట్టుకున్నది ఒక పెద్ద కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే. అతనూ అతని మిత్రులూ హాస్టల్ నుంచి వెలివేయబడి ఆరుబయట వేసుకున్న వెలివాడను ఈ దేశపు క్యాంపస్‌లు మరిచిపోలేదు, మరిచిపోకూడదు. దాన్ని తలచుకుని వెనకడుగు వేయమని ఈ మాట చెప్పడం లేదు, ఒంటరిగా ఉండవద్దని చెబుతున్నాను. చేరిన మొదటి వారంలోనే మూడు సంగతులు కనుక్కోండి: ఎస్సీ ఎస్టీ సెల్ ఎక్కడుంది, సమాన అవకాశాల సెల్‌లో ఎవరున్నారు, మన విద్యార్థి సంఘం సమావేశం ఎప్పుడు. క్యాంపస్‌లో కుల వివక్షకు వ్యతిరేకంగా యుజిసి 2012 లోనే నిబంధనలు తెచ్చింది. మాటతో అయినా, మార్కులతో అయినా అవమానం జరిగితే తేదీ, సమయం, సాక్షి పేరు రాసి పెట్టుకోండి. రాతలో లేని ఫిర్యాదును పక్కకు నెట్టడం వాళ్ళకు సులువు.

కోర్సు ఎంపికలోనూ చిన్నతనం వద్దు. హెచ్‌ఈసీ, సీఈసీ చదివినవాళ్ళు తెలివి తక్కువవాళ్ళని మన ఊళ్ళలో ఒక ముద్ర ఉంది. బాబాసాహెబ్ చదివింది అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం. చరిత్ర రాసేవాళ్ళలో, బడ్జెట్ లెక్కలు కట్టేవాళ్ళలో, తీర్పులు చెప్పేవాళ్ళలో మనవాళ్ళు తక్కువగా ఉన్నంతకాలం మన బతుకుల మీద రాతలు వేరేవాళ్ళే రాస్తారు. సైన్స్ ఇష్టమైతే అదే చదవండి, ఎవరి భయం కోసమో మానకండి.

ఇక మన పని

ఇప్పటిదాకా చెప్పిన భారమంతా పదిహేడేళ్ళ పిల్లల నెత్తిన వేసి ఊరుకుంటే అది అన్యాయం. ఇన్ని కాగితాలు, ఇన్ని పోర్టళ్ళు, ఇన్ని గడువులు ఒక పిల్లవాడు ఒంటరిగా దాటాల్సి రావడమే తప్పు. యూనివర్సిటీలు ప్రాస్పెక్టస్‌ను ఆ రాష్ట్ర భాషలో ఇవ్వాలి. సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టిన రసీదు చూపిస్తే తాత్కాలిక ప్రవేశం ఇచ్చి గడువు పెంచాలి. స్కాలర్‌షిప్‌కు అర్హులైన పిల్లల దగ్గర ముందస్తు ఫీజు అడగకూడదు. ప్రభుత్వాలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పెట్టి, కాలేజీలు ఆ బకాయి సాకుతో పిల్లల సర్టిఫికెట్లు ఆపే ఆట కట్టిపెట్టాలి. ఖాళీగా మిగిలిన ప్రతి రిజర్వుడు సీటు ఎందుకు మిగిలిందో కారణంతో సహా ప్రకటించాలి. "అభ్యర్థులు దొరకలేదు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకూడదు.

పరిశోధకులుగా, అధ్యాపకులుగా ఉన్న మనం ఇవన్నీ జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. మనలో ప్రతి ఒక్కరం ఒక గురుకులాన్నో, ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీనో ఎంచుకుందాం. జనవరిలో ఒకసారి వెళ్ళి కాగితాల జాబితా ఇద్దాం. నోటిఫికేషన్ వచ్చాక మరోసారి వెళ్ళి ఫారాలు నింపిద్దాం. ఫలితాలు వచ్చాక మూడోసారి ఫోన్ చేసి పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యారో లేదో కనుక్కుందాం. ఏడాదికి మూడు రోజుల పని. మన సిద్ధాంత వ్యాసాల్లో అందరికీ అందని చదువు గురించి ఎంత రాసినా, ఈ మూడు రోజులకు సాటి రాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వారమే ఒక పని చేయండి. పదో తరగతి మెమో, ఆధార్, కుల సర్టిఫికెట్ మూడూ ఒక చోట పెట్టి పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే రేపే మీసేవకు వెళ్ళండి. మిగతావన్నీ దాని తర్వాతే.

జై భీమ్.